మబ్బు కింద బొమ్మల కొట్టు

దసరాకి జంషెడ్‌పూర్‌లో మైదానాలన్నీ మేళాలే. వాన మాత్రం దసరాతో పోదు. 2013లో ఫైలిన్ తుపాను ఒడిశా తీరం దాటి సరిగ్గా పండగ రోజుల్లోనే ఇక్కడిదాకా వచ్చింది.

మేళాలోని నా బొమ్మల కొట్టు మీద చినుకు పడితే నేను ముందు టార్పాలిన్ కప్పేది కొండపల్లి దశావతారాల బొమ్మలకే. వాటిని చేసే తెల్లపొణికి మెత్తని కర్ర. అతుకులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వేసినవి, తడి ఓర్చుకోలేవు. ఏటికొప్పాక లక్కపిడతలు కాస్త గట్టివి. తిరిగే అంకుడు కర్రకి లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఆ లక్క దేశంలో అత్యధికంగా పండేది జార్ఖండ్‌లోనే, కుసుమ, మోదుగ చెట్ల మీద. ఈ మాట కొనేవాళ్ళకి చెప్పడం నాకెంతో ఇష్టం.

తడిసినదాన్ని ధర తగ్గించి అమ్మను. చెక్కినవాళ్ళ కష్టానికి అది అవమానం. నీడన ఆరబెడతాను; అతుకు వదిలితే బాగుచెయ్యడానికి కొండపల్లికే పంపిస్తాను.