ఆర్మేనియన్ వీధిలో రెండో శనివారం

పాతికేళ్లుగా బ్యాంకు పనిమీద పారిస్ కార్నర్ వెళ్లి వస్తూనే ఉన్నాను గాని, ఆర్మేనియన్ వీధిలోని ఆ పాత చర్చి గడప తొక్కింది లేదు. తొక్కించింది మా అమ్మాయి.

సంగతేమిటంటే, వాళ్ల కాలేజీ ప్రార్థన బృందం పిల్లలు పదిమంది సెలవుల్లో ఆర్మేనియా వెళ్తారట. 2023 సెప్టెంబరులో నాగోర్నో కరబాఖ్ వదిలి లక్షమందికి పైగా ఆర్మేనియన్లు కట్టుబట్టలతో అక్కడికి చేరుకున్నారు. ఆ కుటుంబాల పిల్లలకి రెండు వారాలు ఇంగ్లీషు చెప్పడం, ఆటలాడించడం, వాళ్లతో కలిసి ప్రార్థన చేయడం కార్యక్రమం. తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. ఆ కాగితం మూడు రోజులు నా చొక్కా జేబులోనే నలిగింది. అప్పు దరఖాస్తయితే ఈపాటికి ఎటో ఒకవైపు తేల్చేసేవాణ్ణి!

"యుద్ధం జరిగిన చోటికి ఆడపిల్లని ఎలా పంపుతామండీ?" అంది మా ఆవిడ.

"ముందు మన ఊళ్లో ఉన్న ఆర్మేనియా చూద్దాం పద నాన్నా" అంది అమ్మాయి. రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. తప్పించుకోవడానికి సాకు దొరకలేదు.

ఆ వీధిని తమిళులు 'అరణ్మనైక్కారన్ తెరు' అంటారు. అంటే రాజభవనంవారి వీధి. నిజానికి అక్కడ రాజూ లేడు, భవనమూ లేదు. నోరు తిరగని 'ఆర్మేనియన్' కాస్తా అలా మారిపోయింది. తోపుడు బళ్లు, ఆటోల మోత దాటుకుని లోపల అడుగుపెడితే ఒక్కసారిగా నిశ్శబ్దం. దేవగన్నేరు చెట్లు, వేరుగా నిలబడ్డ గంటల గోపురం, అందులో ఆరు గంటలు. ఇప్పుడున్న చర్చి 1772 నాటిది. సమాధులు నేలకి సమంగా పరిచి ఉన్నాయి. ఎక్కడ కాలు పెట్టాలో తెలియక నేను చెప్పులు చేతబట్టుకున్నాను. ఆరాధనకు వచ్చే ఆర్మేనియన్లు ఈ ఊళ్లో మిగల్లేదు. కలకత్తాలోని ఆర్మేనియన్ సంఘమే దీన్ని కనిపెట్టుకుని ఉంది.

వీళ్ల వలస కథ పాతదే. 1604-05లో పర్షియా రాజు షా అబ్బాస్ అరాస్ నది ఒడ్డునున్న జుల్ఫా ఊరిని ఖాళీ చేయించి జనాన్ని ఇస్ఫహాన్‌కి తరలించాడు. అక్కడ వెలసిన కొత్త జుల్ఫా వర్తకులే తరవాత చెన్నపట్నం దాకా వచ్చారు. సైదాపేటలో అడయారు మీద 1726లో మొదటి వంతెన కట్టించిన ఖోజా పెట్రస్ ఉస్కాన్ ఆర్మేనియనే. పరంగిమల మెట్లు కట్టించినదీ ఆయనే. 1751లో ఇక్కడే పోయాడు. దేహం వేపేరీలో ఉండిపోయింది. గుండెను మాత్రం జుల్ఫాకి పంపారట.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఇంకొకరి సమాధి. ఫాదర్ హరుత్యూన్ ష్మావోన్యాన్‌ది. షిరాజ్‌లో పుట్టి, 1784లో మద్రాసుకి మతగురువుగా వచ్చాడు. 1794లో 'అజ్దరార్' అనే మాసపత్రిక ప్రారంభించాడు. ప్రపంచంలోనే మొదటి ఆర్మేనియన్ పత్రిక అది. వాళ్ల దేశంలో కాదు, మన జార్జిటౌన్‌లో పుట్టింది! పద్దెనిమిది సంచికలతో 1796లో ఆగిపోయింది. (మన సంఘాల పత్రికలు నడిపేవాళ్లకి ఆ కష్టం వేరే చెప్పాలా?) ఆయన కొడుకులిద్దరూ ఒకే వారంలో పోయారని, అది షిరాజ్‌లో ఉండగానే జరిగిందని అమ్మాయి చెప్పింది. ఎక్కడో చదివిందట. నేనేమీ మాట్లాడలేకపోయాను. జేబులో కాగితం మాత్రం చేతికి తగిలింది.

కాసేపు ఆగి అడిగాను: "ఒక్క మతం కోసమే జరిగిన యుద్ధం కాదమ్మా అది. భూమి తగాదా కూడా ఉంది. 1990ల యుద్ధంలో అజర్‌బైజాన్ వాళ్లు కూడా లక్షల్లో ఇళ్లు వదిలి పోయారు. ఆ మాట మీ బృందంలో ఎవరైనా అన్నారా?"

"అనలేదు నాన్నా" అంది. కొంచెం దూరం నడిచాక మళ్లీ తనే, "వాళ్ల పిల్లలు పిలిచినా వెళ్లాలి. ఇప్పుడు పిలిచింది వీళ్లు" అంది.

ఇంత మాట ఎప్పుడు నేర్చిందో!

తిరుగుదారిలో సైదాపేట వంతెన దగ్గర స్కూటర్ ఆపమంది. ఉస్కాన్ వంతెన ఇప్పుడు లేదు. 1960లలో దాని స్థానంలో కొత్తది కట్టారు. పాత శిలాఫలకం మాత్రం మిగిలింది. ఎండలో, లారీల దుమ్ములో నిలబడి దాన్ని చూశాం. సీటు మీద కాగితం పెట్టి సంతకం చేశాను. సరిహద్దు వైపు పోకూడదు, రోజూ రాత్రి ఫోన్ చేయాలి, ప్రయాణ బీమా తీసుకోవాలని వెనకవైపు మూడు షరతులు రాశాను. బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది? అమ్మాయి వాటి కింద సంతకం పెట్టింది.

రెండో సంతకం మా ఆవిడది. కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.