ధర మారితే సంకల్పం మారవచ్చునా?

తిరుచానూరులో జుమా నమాజు అనంతరం మా వద్దకు వచ్చే ప్రశ్నల తీరు కొన్నేళ్లుగా మారింది. ఒకప్పుడు వారసత్వ వాటాల గురించి, బంగారంపై జకాత్ గురించి అడిగేవారు. ఇప్పుడు చెన్నై, బెంగుళూరుల నుండి సెలవులకు వచ్చిన యువకులు ఫోనులో ఏదో సాంకేతిక సంస్థ షేరు ధర చూపించి, “హజ్రత్, దీన్ని ఉంచుకోవడం మేలా, పెరిగినప్పుడు అమ్మి తగ్గినప్పుడు కొంటూ ఉండటం మేలా?” అని అడుగుతున్నారు.

ఎందులో లాభం ఎక్కువో చెప్పే విద్య మా వద్ద లేదు. ధర్మం ఏమంటుందో మాత్రం చెప్పగలము. షేరు అంటే సంస్థలో భాగస్వామ్యం. ఆ సంస్థ వ్యాపారం హలాల్ అయి, దాని వడ్డీ అప్పులు, వడ్డీ రాబడి ధర్మవేత్తలు నిర్ణయించిన పరిమితికి లోబడి ఉంటే ఆ వాటాను కొనవచ్చు, అమ్మవచ్చు. అమ్మడం స్వతహాగా పాపం కాదు, ఉంచుకోవడం స్వతహాగా పుణ్యమూ కాదు.

అయితే అమ్మేవానికి ఒక హద్దు ఉంది. తన వద్ద లేని వస్తువును అమ్మరాదని దైవప్రవక్త (స) హజ్రత్ హకీం బిన్ హిజాం (రజి)కు ఉపదేశించారు. పక్వానికి రాని పండ్ల అమ్మకాన్ని కూడా వారించారు. పూత మీదనే తోట బేరం కుదుర్చుకుని, పిందె రాలిన ఏడు తగవులు పడటం చూసిన మన చిత్తూరు ప్రాంత మామిడి రైతులకు ఇందులోని వివేకం వివరించనక్కరలేదు. ఉదయం కొని సాయంత్రంలోగా అమ్మేసే పద్ధతిలో షేరు కొన్నవాని ఖాతాకు చేరనే చేరదు. మన దేశంలో 2023 జనవరి 27 నుండి షేర్లన్నీ మరుసటి పనిదినాన ఖాతాకు చేరుతున్నాయి. అంతవరకు ఆగిన తర్వాతే అమ్మాలని అనేకమంది ధర్మవేత్తల నిర్ణయం. ప్రాపంచిక దృష్టితో చూసినా ఇందులో మేలే ఉంది. ఇలా ఒక్క రోజులోనే కొని అమ్మిన వ్యక్తులలో ప్రతి 10 మందిలో 7గురు 2022–23లో నష్టపోయారని సెబీ అధ్యయనం తెలిపింది.

మరి కదలక ఉంచుకున్నవారు క్షేమమా? తెలుగువారికి సత్యం కంప్యూటర్స్ చరిత్ర గుర్తుండే ఉంటుంది. 1987లో హైదరాబాదులో పుట్టిన ఆ సంస్థ, ఉత్తమ పాలనకు 2008లో పురస్కారం కూడా అందుకుంది. అదే ఏడాది డిసెంబరు 16న, వ్యవస్థాపకుని కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొంటున్నామని ప్రకటించి, మదుపరుల ఆగ్రహంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న, లెక్కలు కల్పితమని రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ ఒక్కరోజులో 40 రూపాయలకు పడిపోయింది. కొన్నేళ్లుగా ఉంచుకున్నవారూ, ముందురోజు కొన్నవారూ ఒకే నష్టంలో మునిగారు. తర్వాత టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టింది. 2013లో విలీనం జరిగినప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు దక్కాయి. డిసెంబరులో కనిపించిన హెచ్చరికను చూడకుండా కూర్చోవడం సహనం అనిపించుకోదు. సబ్ర్ అంటే కళ్లు మూసుకోవడం కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది సంకల్పం. జకాత్ ఇక్కడ మనల్ని నిలదీస్తుంది. అమ్మి లాభం పొందాలని కొన్న షేరు వర్తకపు సరుకు. నిసాబు ఉండి చాంద్రమాన సంవత్సరం నిండితే, ఆనాటి మార్కెట్టు విలువ మొత్తంపై 2.5 శాతం చెల్లించాలి. విలువ 4 లక్షలైతే జకాత్ 10 వేలు. ఏటేటా వచ్చే లాభాంశం కోసం ఉంచుకున్న షేరైతే, సంస్థ వద్దనున్న నగదు, సరుకు వంటి వాటిలో తన వాటాపై చెల్లించాలి. భవనాలు, యంత్రాలు అందులోకి రావు. ఆ లెక్క తెలియకపోతే మొత్తం విలువపై చెల్లించడమే జాగ్రత్త. కానీ మేము గమనించినది వేరు. ధర పెరిగినప్పుడు చాలామంది తాము వర్తకులమంటారు, పడినప్పుడు దీర్ఘకాలం కోసం కొన్నామంటారు, జకాత్ వేళకు మరో మాట చెబుతారు. ధర చేతిలో పెట్టిన సంకల్పం సంకల్పమే కాదు.

ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు మా ఎదుట వాదించుకున్నారు. అన్న ఉంచుదామన్నాడు, తమ్ముడు తిప్పుదామన్నాడు. “ఈ సొమ్ము ఎవరిది బేటా?” అని అడిగాము. ఇద్దరూ మౌనం వహించారు. అది తండ్రి హజ్ యాత్రకై దాచి, పెద్దవాని చేతిలో ఉంచిన అమానత్. షేర్లలో పెట్టిన సంగతి ఆయనకు తెలియదు. ముందు ఇంటికి వెళ్లి చెప్పమన్నాము. ఆ పెద్దాయన కోపగించలేదట. హజ్ సొమ్ము మేరకు అమ్మించి, మిగిలినది వారికే వదిలేశారట. ఆ షేరు తర్వాత పెరిగిందో తగ్గిందో మేము విచారించలేదు.

దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం ఇచ్చిపుచ్చుకోళ్లను రాసి ఉంచమని ఆదేశిస్తుంది. షేరు కొనే రోజున ఇంటి పుస్తకంలో మూడు విషయాలు రాసుకోండి: ఈ సొమ్ము ఎవరిది, సంస్థ ఏ పని చేసి సంపాదిస్తున్నది, మనం కొన్నది అమ్మడానికా, ఉంచుకోవడానికా. ఆ కింద భార్యాభర్తలిద్దరూ సంతకం చేయండి. ధర పెరిగిన రోజున, పడిన రోజున ముందుగా ఆ పుట తెరవండి. సంకల్పాన్ని మార్చుకోవలసి వస్తే తేదీ వేసి, కారణం రాసి మార్చుకోండి.