భీమిలిలో ఒక ఆదివారం
ఆఖరి సెమిస్టర్ పరీక్షల ముందు నలుగురం విశాఖలో బస్సెక్కి, బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళాం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరైనా ఎక్కడా హడావిడి లేదు. డచ్చివాళ్ళ సమాధులు చూసి, గోస్తని సముద్రంలో కలిసే చోటుదాకా చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచాం.

దారిలో గవ్వల దుకాణం. నేను అమ్మకి దండ బేరమాడుతుంటే, మాలో ఇంకా ఉద్యోగం రానివాడు ఒకేలాంటి కీచైన్లు నాలుగు కొన్నాడు. "రేపు ఎవరెక్కడుంటారో ఏంటో, ఇది దగ్గరుంచుకోండ్రా" అన్నాడు.

వారం నుంచీ వాడి ముందే ఆఫర్ లెటర్ల గురించి మాట్లాడుకుంటున్నాం మేం. తిరుగు బస్సులో ఎవరం జీతాల ఊసెత్తలేదు.

నా హాస్టల్ గది తాళంచెవి ఇప్పుడు ఆ కీచైన్‌కే ఉంది.