టైల్స్ ఊడదీశాక

హైదరాబాద్‌లో మా ఫ్లాటు ఎనభైల చివర్లో కట్టినది. వంటగట్టు పైన రెండడుగుల ఎత్తు వరకు తెల్ల టైల్స్ ఉండేవి. సింకు పక్క వరుస కొన్నేళ్లుగా ఉబ్బుతూ వచ్చింది. అతుకుల్లో నల్లగా బూజు పట్టేది, తోమితే పోయి మళ్లీ వచ్చేది. చివరికి టైల్స్ వాటంతటవే ఊడి గట్టు మీద పడటం మొదలైంది.

కాంట్రాక్టరు వచ్చి చూసి, "పాతవాటి మీదే కొత్తవి అతికించేద్దామమ్మా, రెండు రోజుల పని" అన్నాడు. పాతవి గోడను గట్టిగా పట్టుకుని ఉంటే అలా అతికించవచ్చు. మావి వేలితో తడితే బోలుగా మోగుతున్నాయి. అన్నీ తీసేయమన్నాను.

గ్యాస్ సిలిండర్ బయట పెట్టించి, ఆ గదికి కరెంటు ఆపించి పని మొదలుపెట్టారు. బ్రేకర్ మిషన్ తగిలితే టైలు ఒక్కటే రావడం లేదు, దాని వెనక పూత మొత్తం పెళ్లలుగా లేచి వస్తోంది. ఇల్లంతా దుమ్ము. తలుపు కింద తడిగుడ్డలు దూర్చినా పడకగదిలోకి వచ్చేసింది. అత్తయ్యకు ఆయాసం. సాయంత్రానికి మాట తెగిపోతుంటే ఇన్‌హేలర్ ఇచ్చి, అప్పటికప్పుడు ఆటోలో మా ఆడపడుచు ఇంటికి పంపించాం. ఎనభై ఏళ్ల మనిషి సొంత ఇంట్లో ఊపిరాడక బయటికి వెళ్లడం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

మిషన్ పట్టిన కుర్రాడు ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు, అంతే. ఇసుక, సిమెంటు, ఇటుక దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, అది తగ్గే జబ్బు కాదు. ఊపిరితిత్తుల్లోకి చేరే సిలికా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే తేల్చింది. తువ్వాలు ఆ సన్నటి దుమ్మును ఆపదు. ఎన్95 మాస్కులు తెప్పించి ఇచ్చాను. కొట్టే ముందు గోడ మీద నీళ్లు చల్లించాను. దుమ్ము సగానికి సగం అణిగింది.

టైల్స్ పోయాక గోడ బయటపడింది. అది నాలుగున్నర అంగుళాల గోడ, అవతల బాత్‌రూమ్. సింకు వెనక ఇటుకలు తడిసి, తెల్లగా ఉప్పు పట్టి, గోరుతో గీరితే పొడి రాలుతున్నాయి. మధ్యలో పాత ఇనుప పైపు తుప్పు పట్టి చెమరుస్తోంది. ఇన్నేళ్లూ మేము బూజు తోమాం, గోడ లోపల్నుంచి నీళ్లు తాగింది.

దాని మీదే పూత వేసి మూసేస్తానన్నాడు కాంట్రాక్టరు. పైపు మార్చకుండా వద్దని మా ఆయన అంటే, మాట్లాడుకున్న దాంట్లో అది లేదని అడ్వాన్సుతో సహా మాయమయ్యాడు. ఫోన్ ఎత్తడు. పగలగొట్టిన వంటగదితో మిగిలిపోయాం.

ఆ తర్వాతి రోజులు చాలా కష్టంగా గడిచాయి. బాల్కనీలో ఇండక్షన్ పొయ్యి మీద వంట, బాత్‌రూమ్ నేల మీద కూర్చుని అంట్లు. నడుము పట్టేసేది. వచ్చిన మేస్త్రీలు ఎవరో పాడుచేసిన పనిలో చెయ్యి పెట్టం అని వెనుదిరిగేవారు.

చివరికి శ్రీకాకుళం నుంచి వచ్చి మా వీధిలో పనిచేస్తున్న ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. సుత్తి కాడతో గోడంతా తట్టి, బోలుగా మోగిన చోటల్లా సుద్దతో గీత పెట్టాడు. "ఇదంతా రాలగొట్టాలమ్మా. ముందు గోడ బాగుపడాలి, టైల్స్ సంగతి తర్వాత" అన్నాడు.

ప్లంబరు ఇనుప పైపు తీసేసి సీపీవీసీ పైపు వేశాడు. రాత్రంతా నీళ్లు నింపి ఉంచి, ఎక్కడా చెమ్మ లేదని చూసుకున్నాకే దాన్ని మూశారు. బాత్‌రూమ్ వైపు అతుకులు కూడా పూడ్చారు. పొడి రాలుతున్న ఇటుకలు మార్చి, ఉప్పును బ్రష్‌తో రాల్చి, ఇటుకల మధ్య వదులుగా ఉన్న పాత మాలు గీకేశారు. పైపు కోసం తవ్విన గాడి మీద కోళ్ల జాలీ కొట్టారు, అక్కడ పూత పగలకుండా. గోడను తడిపి సిమెంటు పాలు పూసి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుకతో మాలు వేశారు. లోతు గుంతలు ముందు పూడ్చి, అవి గట్టిపడ్డాక రెండో పూత. మందంగా ఒకేసారి వేస్తే జారిపోతుంది. కలిపిన మాలు బిగుసుకుంటే నీళ్లు పోసి మళ్లీ వాడనివ్వలేదు ఆయన.

పూతకు వారం పాటు నీళ్లు పట్టాలి. పొద్దునా సాయంత్రం నేనే తడిపాను. తర్వాత పూర్తిగా ఆరనిచ్చి, టైల్ గమ్ముతో కొత్తవి అతికించారు. మూలల్లో ఖాళీ లేకుండా గమ్ము పరిచారో లేదో ఒక టైలు తీయించి చూశాను. పెళ్లలు, ముక్కలు నాలాలో పోయనివ్వకుండా కార్పొరేషన్‌కు డబ్బు కట్టి పంపాం. ఇలాంటి వ్యర్థాలను తిరిగి వాడుకునేలా చేసే కేంద్రాలు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి.

అత్తయ్య ఇంటికి వచ్చారు. ఇప్పుడు గోడ పొడిగా ఉంది.

పాత టైల్స్ తీయించబోయే వారికి నేను చెప్పేది ఇది. కొత్త టైల్స్ ఎంచుకునే ముందు గోడకూ పైపులకూ డబ్బు విడిగా ఉంచండి. పైపు చూపించాకే గోడ మూస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి. ఆయాసం ఉన్నవారినీ చంటిపిల్లలనూ పని మొదలయ్యే ముందే వేరే ఇంటికి పంపండి. సుత్తి పట్టే మనిషికి మాస్కు మీరే కొనివ్వండి.