మా ఇంటి తహ్‌ఖానా

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కాపాడి చూడుమని మాత్రము ఎవరును అనలేదు. కట్టుట ఒక తరము పని. కాపాడుట ప్రతి తరము పని. ఈ సత్యమును మేము గ్రంథములలో చదివి కాదు, మా ఇంటి తహ్‌ఖానా మెట్లపై నిలిచి నేర్చుకొన్నాము.

పాతబస్తీలోని మా ఇల్లు మా ముత్తాతగారు రాతితో, డంగు సున్నముతో కట్టించినది. నడవా నుండి పదకొండు మెట్లు దిగినచో తహ్‌ఖానా వచ్చును. తెలుగులో దీనినే నేలమాళిగ అందురు. భూమి లోపలి చల్లదనము వేసవిలో కూడ అంతగా మారదు గనుక, ఎండకాలపు మధ్యాహ్నములు గడపుటకై పూర్వులు దీనిని కట్టించుకొనెడివారు. మా చిన్ననాట దాదీమా అక్కడ చాప పరచి మాకు కథలు చెప్పెడిది. ఇంటికి కూలరు వచ్చిన పిదప ఎవరును క్రిందికి దిగుట మానినారు. విరిగిన కుర్చీలు, పాత పరుపులు, ఖాళీ డబ్బాలు ఒక్కొక్కటిగా అక్కడికి చేరినవి. వాటి నడుమ దాదాజాన్ గారి కర్ర సందూకు కూడ చేరినది.

ఆయన ఉర్దూ మాధ్యమ పాఠశాలలో తెలుగు బోధించిన ఉపాధ్యాయులు. నలుబది ఏండ్లు శ్రమించి ఉర్దూ మాటలకు సరియగు తెలుగు మాటలను సేకరించి ఏడు నోటుపుస్తకములలో వ్రాసి యుంచినారు. ఉర్దూ మాటను సిరాతోను, తెలుగు మాటను, ఇంతకంటె మంచిది దొరికినచో దిద్దుకొనవచ్చునని, పెన్సిలుతోను వ్రాసెడివారు. అవి అచ్చు కాలేదు. వాటికి మరొక ప్రతియు లేదు.

మా అక్కయ్య పెండ్లి నాటికే తహ్‌ఖానా తూర్పు గోడ అడుగున తెల్లని ఉప్పు పూసినది. సున్నము పొరలుగా రాలుచుండెను. చుట్టముల కంట పడకుండుటకై మేము ఆ గోడకు సిమెంటు గిలాబా చేయించి, పైన లేత ఆకుపచ్చ రంగు వేయించినాము. గోడ బాగుపడినదని సంతోషించినాము. అది తన రోగమును చెప్పుకొనుచుండగా మేము దాని నోరు మూసినామని అప్పుడు తెలియలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన వర్షము మా తరము ఎరుగనిది. పది గంటలకు తహ్‌ఖానాలో నీటి చప్పుడు వినవచ్చినది. చూచుసరికి నాలుగు మెట్లు మునిగియున్నవి. దాదీమా "సందూకు!" అనుచు మెట్ల వైపు నడిచినది. అబ్బా ఆమె చేయి గట్టిగా పట్టుకొన్నారు.

"ఆగండి అమ్మీ! స్విచ్చి బోర్డు క్రిందనే ఉన్నది. నీటిలో కరెంటు ఉండవచ్చును."

"మీ అబ్బా నలభై ఏండ్ల కష్టము బేటా అది!"

"నాకు తెలుసు అమ్మీ. మీరు దిగవద్దు."

మెయిన్ స్విచ్చి కూడ క్రిందనే ఉండుటచే దానిని ఆర్పు దారి లేదు. వీధికి సరఫరా నిలిచిన పిదప, తెల్లవారినాకనే మేము దిగగలిగినాము. ఆ రాత్రి అంతయు దాదీమా పై మెట్టు మీదనే కూర్చుండెను. ఆమెను ఓదార్చుటకు మాకు మాట రాలేదు.

మరునాడు పంపు తెచ్చి నీరంతయు ఒక్కసారిగా తోడివేయబోగా, మాకు తెలిసిన వృద్ధ మేస్త్రీ వారించినాడు. "తొందర పడకుండ్రి సాబ్. బయట మన్ను నీళ్లు తాగి బరువెక్కింది. లోపలి నీళ్లన్ని ఒక్కపారే తోడితే గోడ లోపలికి ఒరుగుతది." అతని మాట ప్రకారము దినమునకు మూడవ వంతు చొప్పున మూడు దినములలో తోడించినాము.

తరువాత అతడు మమ్ములను తహ్‌ఖానాలోనికి గాక మిద్దె మీదికి తీసుకొనిపోయినాడు. వాన నీరు దిగు గొట్టము విరిగి, సరిగా ఆ తూర్పు గోడ మొదటనే పడుచున్నది. ముంగిటి బండలు కుంగి గోడ వైపే వాలినవి. నేలమాళిగ తడి చాలావరకు పైనుండియే వచ్చునని అప్పుడు బోధపడినది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత ఈ నగరము మేలుకొని, 1920 నాటికి మూసీపై ఉస్మాన్‌సాగర్‌ను, 1927 నాటికి ఈసీపై హిమాయత్‌సాగర్‌ను పూర్తి చేసికొన్నది. మేము మాత్రము ఒక గొట్టమును సరిచేసికొనలేకపోయినాము!

గొట్టమును వీధి కాలువ వరకు పొడిగించినాము. గోడ నుండి పది అడుగులకు ఆరంగుళముల వాలు వచ్చునట్లు బండలు మరల పరిపించినాము. సిమెంటు గిలాబాను తీయించి సున్నపు గిలాబా వేయించినాము. సున్నపు గోడ తేమను బయటికి వదలును, సిమెంటు దానిని లోపలనే బంధించును. మూలన ఒక గుంత త్రవ్వించి, నీరు చేరగనే తానై నడచు పంపు నుంచినాము. స్విచ్చి బోర్డును, మెయిన్‌ను నడవాలోనికి మార్పించి, విద్యుత్తు 30 మిల్లీ ఆంపియర్లు ప్రక్కదారి పట్టగనే సరఫరాను తెంచు ఆర్‌సీసీబీని బిగించినాము. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పల్లములోనే నిలిచిపోవును గనుక సిలిండరును అక్కడ ఉంచుట మానినాము.

మరుసటి వర్షాకాలమున గోడ మరల చెమర్చగా భయపడినాము. మేస్త్రీ ఒక ప్లాస్టిక్ కాగితమును గోడకు నాలుగు అంచులు అంటించి రెండు దినములు ఉంచుమన్నాడు. కాగితము వెనుక తడి యున్నచో నీరు గోడ నుండి వచ్చుచున్నట్లు. ముందు తడి యున్నచో గాలిలోని ఆవిరి చల్లని గోడను తాకి నీరగుచున్నట్లు. మాది రెండవది. ముసురు దినములలో రోషన్‌దాన్‌లు మూసి, పొడి దినములలో తెరచుటతో అదియు తగ్గినది.

విద్యార్థి మిత్రులారా! ఇది ఇంటి పెద్దల పని, మనకేల యనుకొనవద్దు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో నేలమాళిగలోని గ్రంథాలయమున వరద నీరు చొరబడి, సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొనుచున్న ముగ్గురు యువజనులు ప్రాణములు కోల్పోయినారు. నేల క్రింది గదిలో చదువుటకు గాని నిద్రించుటకు గాని కూర్చుండునప్పుడు, బయటికి రెండవ దారి ఉన్నదా, స్విచ్చి ఎక్కడ ఉన్నది అని అడుగుట పిరికితనము కాదు. వాన గట్టిపడినచో పుస్తకమును అక్కడనే వదలి పైకి రండు.

దాదాజాన్ నోటుపుస్తకములను ఎండలో పెట్టక, పుటల నడుమ తెల్ల కాగితములుంచి నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టినాము. రెండు ముద్దయై విడిపోలేదు. మిగిలిన అయిదింటిలో సిరా కరిగి ఉర్దూ మాటలు చాలవరకు నీలి మరకలైనవి. పెన్సిలు చెరగలేదు, తెలుగు మాటలు నిలిచినవి.

ఇప్పుడు ప్రతి ఆదివారము మేము తెలుగు మాటను చదువుదుము. దాదీమా కన్నులు మూసికొని, ఆయన దాని ఎదుట ఏ ఉర్దూ మాట వ్రాసియుండునో ఆలోచించి చెప్పును. కొన్ని మాటలకు వెంటనే నవ్వును. కొన్నింటికి చాలసేపు మౌనముగా నుండును. మూడు పుస్తకములు పూర్తియైనవి. ఈసారి రెండు ప్రతులు వ్రాయుచున్నాము. రెండింటిని పై అంతస్తులోనే ఉంచుచున్నాము.