అహ్మదాబాద్ నుంచి మూడు ఉత్తరాలు

జనవరి 14

అమ్మా,

క్షేమంగా చేరాను. మన సంక్రాంతిని ఇక్కడ ఉత్తరాయణ్ అంటారు. పొద్దున్నుంచి ఊరంతా పతంగులు ఎగరేస్తూ మేడల మీదే ఉంది. నేను మాత్రం స్నేహితురాలి వెంట పక్షుల శిబిరానికి వెళ్లాను. 2017 నుంచి ఏటా ఈ రోజుల్లో గుజరాత్ ప్రభుత్వం ‘కరుణా అభియాన్’ నడుపుతోంది. ఊరూరా పశువుల డాక్టర్లు, వాలంటీర్లు పతంగుల దారాలు తగిలి గాయపడ్డ పక్షుల కోసం కాచుకుని ఉంటారు.

సాయంత్రం ఐదు దాటాక అట్టపెట్టెలు వరసగా రావడం మొదలైంది. పక్షులు గూళ్లకు మళ్లే వేళ అది. ఆ వేళకి పతంగులు దించెయ్యండని ఎంత బతిమాలినా దించేవాళ్లు తక్కువ. పక్షి ఎక్కడ దొరికింది, ఎన్నింటికి దొరికింది అని రాసుకోవడం నా పని. పెట్టె తెరవకూడదు. చీకట్లో ఉంటేనే పక్షి బెదరదు. నోట్లో నీళ్లు పోయొద్దని మొదటే చెప్పారు. గాలిగొట్టంలోకి పోతే ప్రాణం పోతుందట. మన వసారాలో పడ్డ పావురానికి మనం చెంచాతో నీళ్లు పట్టాం, గుర్తుందా? అది ఎందుకు చచ్చిపోయిందో అని ఇవాళంతా అదే ఆలోచన.

జనవరి 15

ఇవాళ ‘వాసీ ఉత్తరాయణ్’, పండుగ రెండో రోజు. ఒక గద్దను పట్టుకోమన్నారు. డాక్టరమ్మ దాని మొహం మీద గుడ్డ కప్పి, రెక్క విప్పింది. భుజానికీ మణికట్టుకీ మధ్య పల్చటి తోలు ఉంటుందమ్మా, పక్షి ఎగరడానికి అది చాలా ముఖ్యం. గులాబీ రంగు దారం దాన్ని కోసుకుంటూ పోయి ఎముకకు చుట్టుకుంది. లాగకుండా, అటూ ఇటూ కత్తిరించి, ముక్కలు ముక్కలుగా తీసింది. గాజుపొడి నా చేతి తొడుగుకు అంటుకుని మెరిసింది. తోలు అంచున ఉండే నరం తెగలేదు. తెగితే ఇక జన్మలో ఎగరలేదట. కుట్లు వేసి, రెక్క ముడిచి, ‘8’ అంకెలా కట్టు కట్టారు. అంతసేపూ దాని గుండె నా వేళ్ల కింద దడదడ కొట్టుకుంటూనే ఉంది.

నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. ఈ రెక్కలోది నూలు దారమే. గాజు పూస్తే నూలైనా కత్తే. తమ్ముడికి ఇది చదివి వినిపించు.

జనవరి 19

పతంగులు దిగిపోయాయి, దారాలు దిగలేదు. చెట్లకూ కరెంటు తీగలకూ వేలాడుతున్నాయి. పొద్దున్నే పిల్లలతో కలిసి పొడవాటి గడకర్రలతో చెట్ల మీది దారాలు లాగాం. తీగల జోలికి మాత్రం వెళ్లలేదు. మధ్యాహ్నానికి ఒక గోనెసంచి నిండింది.

గద్ద మాంసం ముక్క తింది. కట్టు విప్పాక పెద్ద పంజరంలో ఎగరనిచ్చి చూస్తారు. ఆ కొసకూ ఈ కొసకూ తూలకుండా ఎగిరి, కింది నుంచి పై కొయ్య మీదికి లేవగలిగితేనే వదులుతారు. అప్పటికి నేను రైల్లో ఉంటాను. ఫోన్ చేసి చెబుతామన్నారు.

మన పెరటి వేపచెట్టు చిటారుకొమ్మకు నిరుటి మాంజా ఇంకా చిక్కుకునే ఉంది. కాకి గూడు దాని పక్కనే. నేను వచ్చేదాకా ఆగొద్దు, తమ్ముణ్ణి నిచ్చెన వేసి తీసెయ్యమను.