ఎదురడుగు

"పదహైదు మందితో భజన కట్టకూడదబ్బీ. జోడీ తెగుతాది. నువ్వు రావాల."

2022 సెప్టెంబరు మొదట్లో ఒక రాత్రి మామ ఫోన్ చేసి అన్న మాటలివి. మామ అంటే మా అమ్మ తమ్ముడు కాదు, మా ఊరి చెక్కభజన గురువు. ఖాజీపేట పక్కనున్న మా పల్లెలో ముసలివాళ్ల నుంచి పిల్లల దాకా అందరికీ ఆయన మామే. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. మోకాళ్లే మాట వినడం లేదు.

సంగతేమిటంటే, తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడటానికి మా బృందానికి అవకాశం వచ్చింది. అక్టోబరు 2, ఆరో రోజు పొద్దున, హనుమంత వాహనం. కరోనా వల్ల 2020లోనూ 2021లోనూ ఉత్సవాలు గుడి లోపలే ఏకాంతంగా జరిగాయి. రెండేళ్ల తర్వాత స్వామి మళ్లీ మాడవీధుల్లోకి వస్తున్నాడు. రామభజన చేసే మాకు హనుమంతుడి వాహనమే రావడంతో ఊరంతా పొంగిపోయింది. తీరా చూస్తే పదహారు మందిలో ఒక కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు.

నేను చెక్కలు పట్టి ఇరవై ఏళ్లు దాటింది. కడపలో ఉద్యోగం, పిల్లల చదువులు... ఊరికి వెళ్లడమే తగ్గిపోయింది. ఆ మాటే చెప్పాను.

"అడుగులు మర్సిపోతే నేను నేర్పిస్తా. నీ జోడీ ఎవరో తెలుసు గదా? మీ చిన్నాయన కొడుకు."

నేనేమీ మాట్లాడలేదు. నా జవాబు కోసం చూడకుండా మామ ఫోన్ పెట్టేశాడు.

చెక్కభజన చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. జానెడు పొడవున్న రెండు గట్టి చెక్కలు. వాటికి గాడి తీసి ఇత్తడి బిళ్లలు బిగిస్తారు. ఒకటి బొటనవేలికి, రెండోది మిగతా వేళ్లకు పట్టించి ఒకే చేత్తో ఆడిస్తే టకటకమని చెక్కల మోత, దాని వెంటే గలగలమని బిళ్లల మోత. కాళ్లకు గజ్జెలు, నడుముకు రంగు గుడ్డ. పక్కన హార్మోనియం, డోలక్. గురువు చరణం అందుకుంటే మిగిలినవాళ్లు దాన్ని తిరిగి పాడుతూ అడుగు వేస్తారు. పంటలు ఇంటికొచ్చాక మా రాయలసీమ పల్లెల్లో గురువును పిలిపించుకుని, ఇంటికొక పూట అన్నం పెట్టి, రాత్రిళ్లు రామాలయం ముందు నేర్చుకునేవాళ్లు. మొదటిసారి గజ్జె కట్టే రోజు పూజ చేసి ఊరందరి ఎదుట ఆడేవాళ్లు.

మా బృందం వేసే అడుగుల్లో కష్టమైనది ఎదురడుగు. రెండు వరుసలు ఎదురెదురుగా వస్తాయి. జోడీలిద్దరూ భుజాలు రాసుకునేంత దగ్గరగా దాటుకుని, అటువాడు ఇటు, ఇటువాడు అటు మారాలి. పాట ఆగకూడదు. చెక్క ఆగకూడదు. దీనికి మామ చెప్పే కిటుకు ఒక్కటే. "కాళ్లను సూడొద్దు. జోడీ కండ్లల్లోకి సూడు. కాళ్లను సూసినోడు తప్పుతాడు."

మా నాయన, చిన్నాయన ముప్పై ఏళ్లు జోడీగా ఆడారు. బ్రహ్మంగారి మఠానికీ, ఒంటిమిట్టకూ దొరికిన బండి ఎక్కి వెళ్లి ఆడి వచ్చేవాళ్లు. పొలాలు పంచుకున్నాక కూడా వాళ్ల జోడీ విడిపోలేదు. విడిపోయింది మేమే.

2010లో, బోరు దగ్గర. పంపకంలో బోరు వాళ్ల గట్టు లోపలికి పోయింది. నీళ్లు మాత్రం ఇద్దరికీ అని మాట. ఆ ఎండాకాలం నీళ్లు తగ్గాయి, వంతుల లెక్క తప్పింది. పంచాయితీలో పెద్దల ముందు నేను తమ్ముణ్ని 'దొంగ' అన్నాను. వాడు లేచి వెళ్లిపోయాడు. అంతే. ఆ తర్వాత పన్నెండేళ్లు మాటల్లేవు. మధ్యలో చిన్నాయన పోతే వెళ్లాను. దండం పెట్టి వచ్చేశాను. 2021 మే నెలలో నాయన కరోనాతో పోయాడు. ఆ రోజుల్లో ఎవరినీ తప్పు పట్టలేం, ఊళ్లో ఎవరూ దగ్గరికి రాలేదు. శ్మశానం పక్కన వేపచెట్టు కింద మాస్కు కట్టుకుని ఒక్కడు నిలబడి ఉన్నాడు. తమ్ముడేనని తెలిసి కూడా తల తిప్పుకున్నాను.

ఇవన్నీ తెలిసే మామ నన్ను పిలిచాడు. నాకు తెలిసే వెళ్లాను.

నాలుగు వారాలు శని, ఆదివారాలు ఊరికి వెళ్లి నేర్చుకున్నాను. మామూలు అడుగులు రెండు రోజుల్లో కాళ్లకు గుర్తొచ్చాయి. ఎదురడుగు మాత్రం రాలేదు. నేను వాడి మెడ వైపు చూసేవాణ్ని. వాడు నా భుజం మీదుగా దేవుడి గుడి చూసేవాడు. ప్రతిసారీ ఢీకొనేవాళ్లం. మామ తిట్టేవాడు కాదు. "ఇంగోసారి" అనేవాడు.

అక్టోబరు 1 తెల్లవారుజామున అయిదింటికి మా టెంపో బయల్దేరింది. తిరుపతికి సుమారు 160 కిలోమీటర్లు. పదహారు మందిమి, మామ, వాయిద్యాల వాళ్లు ఇద్దరు. మాలో ఆటో నడిపేవాడున్నాడు, తాపీ మేస్త్రీ ఉన్నాడు, పసుపు పండించే రైతులున్నారు, డిగ్రీ చదివే పిల్లలిద్దరున్నారు. వెనక సీట్ల మీద హార్మోనియం పెట్టె, గజ్జెల మూట, చిత్రాన్నం గిన్నె, చెనిక్కాయల పొడి డబ్బా. తమ్ముడు అన్నిటికన్నా ముందు సీట్లో కూర్చున్నాడు. నేను అన్నిటికన్నా వెనక, చిత్రాన్నం పక్కన.

చెన్నూరు దగ్గర పెన్న దాటుతుంటే అందరూ అలవాటుగా దండం పెట్టారు. దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వరుణ్ని చూసుకున్నాం. అది తిరుమలకు తొలి గడప అని మా వైపు నమ్మకం. ఉగాది రోజు ముస్లింలు కూడా వచ్చి దండం పెట్టుకునే గుడి అది. ఒంటిమిట్టలో బండి దిగి గోపురం ముందే ఒక పాట పాడాం. అక్కడ సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు. "అన్నదమ్ములు ఒకే రాతిలో ఉండారు సూడండబ్బా" అన్నాడు మామ. ఎవరినుద్దేశించి అన్నాడో బండిలో అందరికీ తెలుసు. ఒక్కరూ నవ్వలేదు.

నందలూరు దాటాక, ఇంకాసేపట్లో రాజంపేట అనగా వెనక టైరు పంక్చరయింది. రోడ్డు పక్కన చింతచెట్టు కింద దిగాం. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక అక్కడికి దగ్గర్లోనే. మేస్త్రీ, డ్రైవరు టైరు విప్పుతుంటే మామ ఊరికే ఉండలేదు. "వరసకు నిలబడండి" అన్నాడు. ఎదురడుగు దగ్గరికి వచ్చేసరికి మేమిద్దరం యథాప్రకారం గుద్దుకున్నాం. నా చెక్క కింద పడింది.

మామ చెట్టు మొదట్లో కూలబడి, అందర్నీ కూర్చోమన్నాడు.

"అన్నమయ్య కొండకు ఎట్ల పోయినాడో తెలుసునా? ఇంట్లో తగాదాతో. పెద్ద ఉమ్మడి కుటుంబం. ఈ పిల్లోడు పనీ పాటా లేకుండా పాడుకుంటా తిరుగుతాంటే ఇంట్లోవాళ్లంతా తిట్టి గడ్డికి పంపిరి. కొడవలి జారి చిటికెన వేలు తెగె. నెత్తురు సూసి, ఈళ్లంతా నాకేమైతారు అనుకున్యాడు. దావన పోయే యాత్రికుల ఎంట కొండదావ పట్టినాడు."

ఈ కథ మామ కల్పించింది కాదు. అన్నమయ్య మనవడు చిన్నన్న తన తాత చరిత్రను ద్విపద కావ్యంగా రాసినప్పుడు అందులో చెప్పిందే. 1408లో పుట్టిన అన్నమయ్య 32 వేల సంకీర్తనలు పాడాడంటారు. రాగిరేకుల మీద చెక్కి కొండమీద దాచినవాటిలో మనకు మిగిలింది అందులో సగం కూడా లేదు. అంతటి పాటకు మొదలు ఇంట్లో ఒక మాట, వేలికి ఒక గాటు.

"ఆయనకు కోపమొస్తే కొండెక్కి పాట కట్టినాడు. మనకు కోపమొస్తే యాడికి పోతాం? కోర్టుకు పోతాం" అన్నాడు మామ.

అందరూ పక్కున నవ్వారు. నేనూ నవ్వాను. చూస్తే తమ్ముడూ నవ్వుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు.

రాజంపేట, కోడూరు మామిడితోటలు, బాలపల్లె అడవి దాటి మధ్యాహ్నానికి తిరుపతి చేరాం. ఆ రోజు గరుడసేవ. కొండమీద బండి పెట్టడానికి చోటు దొరకదని టెంపో కిందనే వదిలి ఆర్టీసీ బస్సెక్కాం. నాకు దొరికిన సీటు తమ్ముడి పక్కన. వాడి ఒడిలో హార్మోనియం పెట్టె. ఘాటు మలుపుల్లో పెట్టె ఒరిగిపోతుంటే ఒక చివర నేను పట్టుకున్నాను. పైకి చేరేదాకా ఇద్దరం దాన్ని పట్టుకునే ఉన్నాం. మాట మాత్రం లేదు.

ఆ రాత్రి గరుడవాహనాన్ని జనం తలల మీదుగా దూరం నుంచే చూశాం. మాకిచ్చిన హాల్లో చాపల మీద పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి గజ్జెలు కట్టుకుంటుంటే తమ్ముడు వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. గుడ్డసంచిలోంచి ఒక జత చెక్కలు తీశాడు. బొటనవేలు ఆనేచోట అరిగి గుంట పడ్డాయి. నాయనవి. ఆయన పోయాక ఇల్లంతా వెతికినా దొరకలేదు.

"పెదనాయన నాకాడ పెట్టిపోయినాడు. బిళ్లలు వదులైనాయి, బిగించమని."

"ఎప్పుడు?"

"జరమొచ్చేదానికి వారం ముందర. ఆదివారం ఆదివారం వచ్చేవాడు గదా మా ఇంటికి. మా నాయన పోయినాక జోడీ లేదని నన్ను నిలబెట్టి ఆడించుకునేవాడు."

నాకు నోట మాట రాలేదు. పన్నెండేళ్లు నాయన కోసమే పంతం పట్టానని అనుకున్నాను. నాయన మాత్రం ప్రతి ఆదివారం ఆ గట్టు దాటి వాళ్లింటికి వెళ్లాడు. నాకు చెప్పలేదు. నేను అడ్డు చెబుతానని తెలిసే చెప్పి ఉండడు.

"బిళ్లలు బిగించినావా?" అని మాత్రం అడిగాను.

"అప్పుడే బిగించినా. తీసుకుపొయ్యేదానికి ఆయన రాలే."

ఎనిమిది గంటలకు వాహనం కదిలింది. కోదండరాముడి అలంకారంలో మలయప్పస్వామి, హనుమంతుడి భుజాల మీద. మా ముందూ వెనకా కర్ణాటక, తమిళనాడు నుంచి వచ్చిన బృందాలు. గోవింద నామాలతో వీధి హోరెత్తుతోంది. మామ గొంతు ఆ హోరులోంచి కూడా వినపడింది. రెండు చరణాలయ్యాక చెయ్యెత్తాడు. ఎదురడుగు.

తమ్ముడి కళ్లల్లోకి చూశాను. చిన్నాయన కళ్లే. చెరువులో ఈత నేర్చుకున్నప్పుడు నా మెడ పట్టుకుని వేలాడిన పిల్లాడి కళ్లే. నీళ్లు నిండి ఉన్నాయి. నావి ఎలా ఉన్నాయో వాడికే తెలియాలి. భుజం భుజం రాసుకుంది. అటువైపు చేరాక గానీ అడుగు తప్పలేదని నాకు తెలియలేదు. మళ్లీ ఇటు, మళ్లీ అటు. నాయన చెక్కలు నా చేతిలో మోగుతూనే ఉన్నాయి.

మర్నాడు రాత్రి టెంపో ఖాజీపేట చేరుతుండగా వాడు వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, బోరు మోటరు పోయిన నెల కాలిపోయింది. కొత్తది ఎయ్యాల."

"ఎంతయితాదంట?"

చెప్పాడు.

"చెరిసగం" అన్నాను. తలూపాడు. ఆ 'దొంగ' అన్న మాటకు క్షమాపణ చెప్పాలని దారి పొడవునా అనుకున్నాను. అది మాత్రం చెప్పలేకపోయాను. మరుసటి వారం మోటరు దింపేరోజు గట్టు మీద చెప్పాను. "ఇప్పుడెందుకులే అన్నా" అని వాడు పైపు పట్టుకోమన్నాడు.

మోటరు దింపి మూడేళ్లు దాటింది. నీళ్ల వంతు దగ్గర ఇప్పటికీ ఎండాకాలంలో మాటామాటా అనుకుంటూనే ఉంటాం. కానీ శనివారం రాత్రి రామాలయం ముందు వరుస కట్టాక ఎదురడుగు రాక తప్పదు, కళ్లల్లోకి చూడకా తప్పదు. అలా చూస్తూ ఎంతసేపని కోపంగా ఉంటాం?